కెమికల్ ఇంజనీరింగ్ డిగ్రీలో నిజంగా ఏం నేర్పుతారు? కోర్సును ఎలా ఎంచుకోవాలి?

వెన్నెల_దారి:
అందరికీ నమస్కారం. ఈ ఏడాదితో నా పాఠశాల చదువు ముగుస్తుంది. రసాయన శాస్త్రమంటే నాకు ప్రాణం. టైట్రేషన్‌లో చివరి చుక్క పడి రంగు మారే క్షణం కోసం ఎంతసేపైనా కళ్లార్పకుండా నిలబడగలను. అందుకే కెమికల్ ఇంజనీరింగ్‌లో చేరాలనుకున్నాను. అయితే, ఆ కోర్సులో రసాయన శాస్త్రం చాలా తక్కువని, అంతా లెక్కలూ గొట్టాలూ పంపులేనని ఒకరు చెప్పారు. అది నిజమేనా? నా ముందు మూడు దారులున్నాయి: రసాయన శాస్త్రంలో డిగ్రీ, కెమికల్ ఇంజనీరింగ్, బయోకెమికల్ ఇంజనీరింగ్. చదివినవారు, చదువుతున్నవారు ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

పాత_బాయిలర్:
ప్లాంట్లలో 27 ఏళ్లు పనిచేశాను. మీకు చెప్పినమాట సగం నిజం. మిగతా సగం చూపడానికి ఒక చిన్న లెక్క చెబుతాను, ఓపికగా చదవండి.

లీటరు ఫ్లాస్కులో ఒక చర్య చేస్తున్నారనుకోండి. అందులోంచి వేడి పుడుతుంది. ఫ్లాస్కును మంచునీళ్ల గిన్నెలో పెడితే ఆ వేడి గాజు గోడ గుండా బయటికి పోతుంది, మీరు నిశ్చింతగా ఉంటారు. అదే చర్యను వెయ్యి లీటర్ల పాత్రలో చేయాలి. ఆకారం అదే, కొలతలన్నీ పది రెట్లు. లోపలి సరుకు వెయ్యి రెట్లయింది, కాబట్టి పుట్టే వేడీ వెయ్యి రెట్లే. కానీ ఆ వేడి బయటికి పోవలసిన గోడ వైశాల్యం మాత్రం వంద రెట్లే పెరిగింది. అంటే ప్రతి లీటరుకూ దక్కే గోడ పదో వంతుకు పడిపోయింది. రసాయన సమీకరణంలో ఒక్క అక్షరం మారలేదు. అయినా ఫ్లాస్కులో సాధువుగా ఉన్న చర్య పెద్ద పాత్రలో పులి కావచ్చు.

ఆ పదో వంతు గోడతో ఎలా నెగ్గుకురావాలో నేర్పేదే మా చదువు. లోపల చుట్లు తిరిగే గొట్టం పెట్టి చల్లబరచాలా, ముడిసరుకును ఒక్కసారిగా కాక కొద్దికొద్దిగా పోయాలా, పాత్రనే వదిలేసి సన్నటి పొడవాటి గొట్టంలో చర్యను నడపాలా? మీరు విన్న గొట్టాలూ పంపులూ వచ్చేది ఇక్కడే. అవి రసాయన శాస్త్రానికి పరాయివి కావు, దాన్ని ఫ్లాస్కు దాటించేవే అవి.

సమీకరణాలు:
నేను మూడో సంవత్సరం విద్యార్థిని. మొదటి ఏడాది గణితం, భౌతిక శాస్త్రం, రసాయన శాస్త్రం, కొంచెం ప్రోగ్రామింగ్. కొత్తగా ఏమీ అనిపించదు. అసలు కోర్సు రెండో ఏడాది మెటీరియల్ బ్యాలెన్స్‌తో మొదలవుతుంది. లోపలికి వెళ్లింది ఏదో ఒక దారిలో బయటికి రావాలి, లేదా లోపలే పోగుపడాలి. సూత్రం అంతే.

10 శాతం ఉప్పున్న ద్రావణం 100 కిలోలు ఉంది, దాన్ని 40 శాతానికి చిక్కబరచాలి. ఉప్పు 10 కిలోలు, అది ఆవిరి కాదు. ఆ 10 కిలోలు 40 శాతం కావాలంటే మిగిలే ద్రావణం 25 కిలోలు. కాబట్టి 75 కిలోల నీటిని ఆవిరి చేయాలి. ఇది చదివి "ఇంతేనా" అనుకుంటారు. మరుసటి వారం బయటికి వచ్చే ప్రవాహంలో కొంత భాగాన్ని వెనక్కి మళ్లించి మళ్లీ లోపలికి పంపుతారు. అప్పుడు తల తిరుగుతుంది.

ఒక ప్రశ్న ఇస్తాను, ప్రయత్నించండి. అమ్మోనియా తయారీలో నైట్రోజన్, హైడ్రోజన్ వాయువులు రియాక్టర్ గుండా ఒకసారి వెళ్తే కొద్ది భాగమే అమ్మోనియాగా మారుతుంది. అమ్మోనియాను చల్లబరచి ద్రవంగా తీసేసి, మిగిలిన వాయువును మళ్లీ రియాక్టర్‌కే పంపుతారు. లోపలికి వచ్చే ప్రతి 100 మోల్‌లలో 0.5 మోల్ ఆర్గాన్ ఉందనుకోండి. అది దేనితోనూ కలవదు, తిరుగుతూనే ఉంటుంది, రోజురోజుకీ పేరుకుంటుంది. అందుకే తిరిగే వాయువులోంచి కొంత బయటికి వదలాలి. ఆ వాయువులో ఆర్గాన్ 10 శాతం మించకూడదంటే ఎన్ని మోల్‌లు వదలాలి? అమ్మోనియాతోపాటు ఆర్గాన్ పోదనుకోండి. ఇది చేస్తుంటే హాయిగా అనిపించిందా, చిరాకు వేసిందా అన్నది గమనించండి. మీకు ఈ కోర్సు నప్పుతుందో లేదో చాలావరకు అక్కడే తెలుస్తుంది.

ఆ తరువాత థర్మోడైనమిక్స్, ద్రవాల ప్రవాహం, ఉష్ణ బదిలీ, ద్రవ్య బదిలీ, రియాక్టర్ల రూపకల్పన, ప్రక్రియల నియంత్రణ. కర్బన రసాయన శాస్త్రం నాకు రెండే పేపర్లు వచ్చాయి. కొత్త అణువులను సృష్టించాలన్నదే మీ కోరిక అయితే రసాయన శాస్త్ర డిగ్రీలోనే చేరండి. మొహమాటపడి ఇక్కడికి రావద్దు.

ఇద్దరు_పిల్లల_నాన్న:
మా పెద్దమ్మాయి కూడా ఇదే ప్రశ్న దగ్గర ఆగిపోయింది. గొట్టాలూ పంపులూ మెకానికల్ ఇంజనీరు చూసుకుంటాడు, చర్యల సంగతి రసాయన శాస్త్రవేత్త చూసుకుంటాడు. మధ్యలో ఇంకొక డిగ్రీ దేనికి? పైగా చమురు ధర పడితే ఉద్యోగాలు పడతాయని విన్నాను. పిల్ల జీవితంలో నాలుగేళ్లు ఖర్చు చేయించే ముందు ఇవి అడగక తప్పదు.

నల్లబల్ల:
నాన్నగారి మొదటి ప్రశ్న ఈ శాఖ పుట్టినప్పుడే వచ్చింది. నేను ఈ సబ్జెక్టు బోధిస్తాను, కాబట్టి కొంచెం నిడివి తీసుకుంటాను.

జర్మనీ నిజంగానే మీరు చెప్పిన పద్ధతిలో నడిచింది. రసాయన శాస్త్రవేత్తలు, మెకానికల్ ఇంజనీర్లు పక్కపక్కన కూర్చుని పనిచేశారు. గొప్ప పనులే చేశారు. ఫ్రిట్జ్ హేబర్ 1909లో బల్ల మీద పట్టే పరికరంతో అమ్మోనియా తయారుచేసి చూపారు. దాన్ని కార్ల్ బోష్ బృందం ఫ్యాక్టరీకి తీసుకెళ్లబోతే ఉక్కు రియాక్టర్లు కొద్దిరోజులకే పగిలిపోయాయి. ఆ ఒత్తిడిలో, ఆ వేడిలో హైడ్రోజన్ ఉక్కులోకి చొరబడి అందులోని కార్బన్‌తో కలిసి లోహాన్ని పెళుసు చేసింది. బోష్ లోపల కార్బన్ తక్కువగా ఉండే మెత్తటి ఇనుప పొర వేయించి, బయటి ఉక్కు గోడకు సన్నటి రంధ్రాలు పెట్టించారు. లోపలి పొర దాటిన హైడ్రోజన్ ఆ రంధ్రాల గుండా బయటికి పోతుంది, ఉక్కు మీద దాడి చేయదు. 1913లో ఒప్పౌలో ఫ్యాక్టరీ నడిచింది. ఈ సమస్య రసాయన శాస్త్రానిదా, లోహానిదా, యంత్రానిదా? మూడూ ఒకే బుర్రలో ఉండవలసిన సందర్భం అది.

బ్రిటన్‌లో జార్జ్ ఇ. డేవిస్ 1887లో మాంచెస్టర్‌లో 12 ఉపన్యాసాలు ఇచ్చారు. సోడా, సబ్బు, రంగులు అని పరిశ్రమల వారీగా కాక, అన్నిటికీ ఉమ్మడిగా ఉండే పనుల వారీగా బోధించవచ్చని చూపారు. మరుసటి ఏడాది అమెరికాలోని ఎం.ఐ.టి.లో లూయిస్ మిల్స్ నార్టన్ 'కెమికల్ ఇంజనీరింగ్' పేరుతో నాలుగేళ్ల కోర్సు మొదలుపెట్టారు. 1915లో ఆర్థర్ డి. లిటిల్ ఆ ఉమ్మడి పనులకు 'యూనిట్ ఆపరేషన్స్' అని పేరు పెట్టారు. వడపోయడం, ఆరబెట్టడం, ఆవిరి చేయడం, స్వేదనం. చక్కెరను ఆరబెట్టినా మందుపొడిని ఆరబెట్టినా నీరు లోపలినుంచి ఉపరితలానికి వచ్చి గాలిలో కలవాలి కదా. ఒకటి లోతుగా నేర్చుకున్న మనిషి రెండోదాన్ని త్వరగా పట్టుకుంటాడు. ఈ డిగ్రీకి ఉన్న బలమంతా అదే.

మీ రెండో ప్రశ్నకూ కొంత జవాబు ఇందులోనే ఉంది. మార్గరెట్ హచిన్‌సన్ 1937లో ఎం.ఐ.టి. నుంచి ఈ శాఖలో డాక్టరేట్ పొందిన తొలి మహిళ. చమురు శుద్ధి ప్రక్రియల మీద పనిచేసిన ఆవిడే, రెండో ప్రపంచ యుద్ధకాలంలో బూజు నుంచి వచ్చే పెన్సిలిన్ మందును పెద్ద తొట్లలో తయారుచేసే ప్లాంటు రూపకల్పనకు నాయకత్వం వహించారు. చమురు నుంచి బూజుకు వెళ్లారు. మధ్యలో మరో డిగ్రీ చదవలేదు.

జీవకణం:
నేను కిణ్వన ప్లాంటులో ఉన్నాను, కాబట్టి బయోకెమికల్ గురించి నా మాట. తొట్టిలో కణాలకు తిండి బోలెడంత పెట్టవచ్చు, ప్రాణవాయువు మాత్రం అలా కుదరదు. గది ఉష్ణోగ్రత దగ్గర గాలితో నిండిన లీటరు నీటిలో కరిగి ఉండే ఆక్సిజన్ సుమారు 8 మిల్లీగ్రాములే. కణాలు చిక్కగా పెరిగిన తొట్టిలో గాలి ఆపితే అది నిమిషాల్లోపే అయిపోతుంది. బుడగలను ఎంత చిన్నవి చేయాలి, ఎంత వేగంగా కలపాలి, ఆ కలపడం వల్ల పుట్టే వేడిని ఎలా తీయాలి? నా రోజంతా దీనితోనే గడుస్తుంది. ఇదంతా ద్రవ్య బదిలీ, ఉష్ణ బదిలీ. జీవశాస్త్రం నేను ఉద్యోగంలో చేరాక చదువుకున్నాను. ఈ లెక్కలు అలా చదువుకోగలిగేవాడిని కాదు. నన్నడిగితే మొదట విస్తృతమైన డిగ్రీ చేయండి, పీజీలో జీవం వైపు తిరగండి.

సమీకరణాలు:
జీవకణం గారూ, అందరికీ అదే సలహా సరిపోదేమో. మా విశ్వవిద్యాలయంలో బయోకెమికల్ వాళ్లు రెండో ఏడాది చివరిదాకా మాతోనే కూర్చుని అవే పేపర్లు రాస్తారు. పేరు చూసి కాదు, పాఠ్యప్రణాళిక తెరిచి చూసి నిర్ణయించుకోవాలి. ద్రవ్య బదిలీ, రియాక్టర్ల రూపకల్పన పూర్తి పేపర్లుగా ఉంటే పేరు ఏదైనా ఫరవాలేదు.

జీవకణం:
ఒప్పుకుంటాను. నా రోజుల్లో అలా ఉండేది కాదు.

తుప్పు_కాలమ్:
ఇక్కడ ఎవరూ ల్యాబు ఊసెత్తలేదు. నాకు జరిగింది చెబుతాను. మా కళాశాలలో రెండంతస్తుల ఎత్తు స్వేదన కాలమ్ ఉండేది, అంటే ద్రవాల మిశ్రమాన్ని మరిగించి వేరుచేసే నిలువు స్తంభం. ప్రతి తనిఖీకి ముందు రంగు వేసేవారు. నేను చదివిన నాలుగేళ్లలో ఒక్కసారీ వేడెక్కలేదు. సీనియర్ల రికార్డులోంచి అంకెలు ఎత్తి రాసుకుని, గ్రాఫు గీసి, మెట్లు లెక్కపెట్టి మార్కులు తెచ్చుకున్నాం. నాకు ఆ ప్రయోగానికి మంచి మార్కులే వచ్చాయి.

ఉద్యోగంలో మొదటి నెల. కాలమ్ అడుగుకీ పైకీ మధ్య ఒత్తిడి తేడా పెరుగుతోంది, పైనుంచి వచ్చే సరుకు నాణ్యత పడిపోతోంది. నేను ఆవిరి ఇంకా పెంచమన్నాను. పక్కనున్న ఆపరేటరు నా చేయి పట్టుకుని ఆపాడు. కాలమ్ ఫ్లడ్ అవుతోంది. పైకి వెళ్లే ఆవిరి వేగానికి కిందికి దిగవలసిన ద్రవం కాలమ్ లోపల అంచెలంచెలుగా ఉండే పళ్లేల మీదే నిలిచిపోతోంది. ఆవిరి తగ్గించాల్సిన చోట నేను పెంచమన్నాను. ఫ్లడింగ్ మీద పది మార్కుల జవాబు పరీక్షలో రాసినవాడినే. గాజు కాలమ్‌లో ఒక్కసారి కళ్లతో చూసి ఉంటే ఆ తేడా అంకె చూడగానే గుర్తుపట్టేవాడిని. ఇప్పటికీ ఆ కోపం పోలేదు. వెన్నెల గారూ, చేరే ముందు ల్యాబు చూడండి. చూపించకపోతే చేరకండి.

నల్లబల్ల:
తుప్పు_కాలమ్ గారి బాధ నాకు అర్థమవుతుంది. నడిచే కాలమ్‌ను నిలబెట్టుకోవడం ఏ విభాగానికైనా కష్టమే, అయినా దానికి మినహాయింపు లేదు. ల్యాబు ఎందుకు అవసరమో మా రెండో ఏడాది బల్ల మీద జరిగినది ఒకటి చెబుతాను.

ఒకదానిలో ఒకటి అమర్చిన రెండు గొట్టాల హీట్ ఎక్స్ఛేంజర్. బయటి గొట్టంలో వేడినీరు సెకనుకు 0.10 కిలో, 65 డిగ్రీల నుంచి 52కు చల్లబడింది. లోపలి గొట్టంలో చన్నీరు సెకనుకు 0.12 కిలో, 28 నుంచి 37కు వేడెక్కింది. లెక్క వేస్తే వేడినీరు ఇచ్చింది సుమారు 5.4 కిలోవాట్లు, చన్నీరు పుచ్చుకుంది సుమారు 4.5 కిలోవాట్లు. మధ్యలో 0.9 ఎటు పోయింది? ఒక విద్యార్థిని అంకెలు దిద్దేసి సరిపెట్టబోయింది. దిద్దవద్దని చెప్పి, గొట్టం బయట చేయి దగ్గరగా పెట్టి చూడమన్నాను. వేడి తగిలింది. ఒకచోట తొడుగు ఊడిపోయి ఉంది. తరువాత థర్మామీటరు కూర్చునే గుంటలో నూనె ఎండిపోయిందని తనే కనిపెట్టింది. రెండూ సరిచేశాక తేడా బాగా తగ్గింది, పూర్తిగా పోలేదు. ఆమె రికార్డులో ఆ మిగిలిన తేడాకు రెండు పేజీల వివరణ ఉంది. ఆ ఏడాది నేను దిద్దినవాటిలో అంత ఇష్టంగా చదివినది ఇంకొకటి లేదు.

ఎర్ర_వాల్వు:
భద్రత నా వృత్తి. కోర్సు ఎంచుకునేటప్పుడు దాదాపు ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది: ప్రమాదాల గురించి బోధిస్తారా?

2007 డిసెంబరు 19న అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం జాక్సన్‌విల్‌లో టి2 ల్యాబొరేటరీస్ అనే చిన్న ప్లాంటు పేలిపోయింది. నలుగురు చనిపోయారు, 32 మంది గాయపడ్డారు. తయారుచేస్తున్నది పెట్రోలులో కలిపే ఒక పదార్థం. యజమానుల్లో ఒకరు రసాయన శాస్త్రవేత్త, ఒకరు కెమికల్ ఇంజనీరు. ఆ ఇంజనీరు కూడా మృతుల్లో ఉన్నారు. రియాక్టర్‌ను చల్లబరిచే నీరు ఆగిపోయింది. ప్రత్యామ్నాయ ఏర్పాటు లేదు. ఉష్ణోగ్రత పెరిగినకొద్దీ లోపల మరో చర్య మొదలైంది, దాని వేడి మొదటిదానికంటే భయంకరం. అంతకు చాలాకాలం ముందే వాళ్లు బ్యాచ్ పరిమాణాన్ని మూడో వంతు పెంచారు. పాత_బాయిలర్ గారి పదో వంతు గోడ లెక్కను మళ్లీ చదవండి.

దర్యాప్తు చేసిన అమెరికా కెమికల్ సేఫ్టీ బోర్డు చేసిన సిఫార్సుల్లో ఒకటి డిగ్రీ కోర్సుల గురించే. అదుపు తప్పే చర్యల ప్రమాదాలను కెమికల్ ఇంజనీరింగ్ పాఠ్యప్రణాళికలో చేర్చాలని చెప్పింది. తరువాత అక్కడి గుర్తింపు సంస్థ ఏబెట్ తన ప్రమాణాల్లో ప్రక్రియల ప్రమాదాల ప్రస్తావన చేర్చింది. నాలుగు ప్రాణాలు పోయాక పాఠ్యప్రణాళికలో చేరిన మాటలవి. మీరు చూస్తున్న కోర్సులో ఇది ఐచ్ఛిక పేపరుగా ఓ మూల ఉందా, అందరూ తప్పనిసరిగా చదివేదా, చూసుకోండి.

వెన్నెల_దారి:
ఇన్ని విషయాలు ఒక్కచోట దొరుకుతాయని అనుకోలేదు. రెండు సందేహాలు మిగిలాయి. ప్రాసెస్ ఇంజనీరింగ్, కెమికల్ టెక్నాలజీ అని రకరకాల పేర్లున్నాయి, ఇవన్నీ ఒకటేనా? చివరి ఏడాది డిజైన్ ప్రాజెక్టు అంటే ఏం చేయాలి?

పాత_బాయిలర్:
ప్రాసెస్ ఇంజనీరింగ్ చాలాచోట్ల దీనికే మరో పేరు. కెమికల్ టెక్నాలజీ అన్నచోట రంగులు, నూనెలు, పాలిమర్లు వంటి ఒక పరిశ్రమ వైపు మొగ్గు ఎక్కువగా ఉండవచ్చు. వేరే దేశంలో పనిచేయాలనుకుంటే మీ డిగ్రీకి 1989 నాటి వాషింగ్టన్ ఒప్పందంలో సభ్యత్వమున్న సంస్థ గుర్తింపు ఉందా అని చూడండి. చూడవలసింది మీ కోర్సు పేరు మీద ఉన్న గుర్తింపు, విశ్వవిద్యాలయం మొత్తానికి ఉన్నది కాదు.

డిజైన్ ప్రాజెక్టు గురించి మాత్రం వివరంగా చెప్పాలి. నలుగురైదుగురు కలిసి ఒక ప్లాంటు మొత్తాన్ని కాగితం మీద కడతారు. నేను బయటి పరీక్షకుడిగా వెళ్లినప్పుడు ఒక బృందం ఇంధనంలో కలపడానికి ఇథనాల్ ప్లాంటు తెచ్చింది. మామూలు స్వేదనంతో ఇథనాల్ బరువులో సుమారు 95.6 శాతం దగ్గర ఆగిపోతుంది. అక్కడ ఆవిరి, ద్రవం ఒకే కూర్పులో ఉంటాయి, ఎన్ని పళ్లేలు పెట్టినా కదలదు. మిగిలిన నీటిని లాగేయడానికి వాళ్లు నీటిని పట్టుకునే జియోలైట్ గుళికల పాత్రలు రెండు పెట్టారు, ఒకటి పనిచేస్తుంటే ఇంకొకటి ఆరుతుంది. లెక్కలన్నీ బాగున్నాయి. కరెంటు పోతే ఏ వాల్వు మూసుకోవాలి, ఏది తెరుచుకోవాలి అని అడిగాను. ఒకమ్మాయి లేచి బొమ్మ మీద ఒక్కొక్క వాల్వునూ వేలితో చూపుతూ చెప్పింది. చల్లబరిచే నీటి వాల్వు దగ్గరకు వచ్చేసరికి ఆగి, "ఇది తప్పు పెట్టాం, తెరుచుకుని ఉండాలి" అంది. ఎవరూ పట్టుకోకముందే తనే పట్టుకుంది. పూర్తి మార్కులు ఇచ్చాను.

రాత్రి_షిఫ్టు:
నాన్నగారూ, మీ అమ్మాయి కోసం. నేను ప్లాంటులో పనిచేస్తున్న మహిళను, తొమ్మిదేళ్లయింది. చేరిన కొత్తలో నా కొలతకు సరిపడే భద్రతా బూట్లు కూడా లేవు, అడిగి తెప్పించుకున్నాను. షిఫ్టులు కష్టమే. అయితే డిగ్రీ చదివిన అందరూ ప్లాంటులోనే ఉండరు. నా తోటివాళ్లలో ఒకరు చిప్పుల తయారీలో, ఒకరు తాగునీటి శుద్ధిలో, ఇద్దరు డిజైన్ కార్యాలయాల్లో ఉన్నారు. నేను మాత్రం కావాలనే ఇక్కడ ఉన్నాను. తెల్లవారుజామున కాలమ్ నిలకడగా నడుస్తుంటే కంట్రోలు రూములో ఉండే నిశ్శబ్దం నాకు ఇష్టం.

ఇద్దరు_పిల్లల_నాన్న:
ధన్యవాదాలు. ఉద్యోగాల గురించి నా భయం పూర్తిగా పోలేదు, దాచుకోను. కానీ చమురు ఒక్కటే దిక్కు అనుకోవడం నా పొరపాటు. మా అమ్మాయికి ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను. ఆ ఆర్గాన్ లెక్క ముందు కూర్చుంది, భోజనానికి కూడా లేవడం లేదు.

వెన్నెల_దారి:
నిన్న ఒక విశ్వవిద్యాలయంలో ల్యాబు చూపించమని అడిగి వెళ్లాను. గాజు కాలమ్ నడుస్తోంది! ఒక విద్యార్థి లోపల బుడగలు కనిపించేలా గాజును గుడ్డతో తుడుస్తూ, ఇంకొకరికి అంకెలు చెబుతున్నాడు. ఫ్లడింగ్ చూడవచ్చా అని అడిగితే అక్కడి టెక్నీషియన్ నవ్వి, ఆవిరి కొద్దికొద్దిగా పెంచారు. ద్రవం ఒక్కో పళ్లెం మీదా నురగతో లేచి నిలిచిపోవడం చూశాను. ప్రక్రియల భద్రత అక్కడ మూడో ఏడాది తప్పనిసరి పేపరు. దరఖాస్తు చేస్తున్నాను.

సమీకరణాలు గారి లెక్క: లోపలికి 0.5 మోల్ ఆర్గాన్ వస్తుంది కాబట్టి 0.5 బయటికి పోవాలి. అది 10 శాతమైతే వదలాల్సింది 5 మోల్‌లు. కానీ ఆ ఐదులో ఆర్గాన్ పోగా 4.5 మోల్‌లు మంచి వాయువే కదా, అమ్మోనియాగా మారగలిగేది. దాన్ని వృథాగా వదిలేస్తారా?

సమీకరణాలు:
5 సరైనదే. మీ ప్రశ్న మాకు మూడో ఏడాదిలో వచ్చింది.

పాత_బాయిలర్:
వదిలేయరు. హైడ్రోజన్‌ను సులువుగా పోనిచ్చి, మిగతావాటిని చాలావరకు ఆపే సన్నటి పొరల గుండా ఆ వాయువును పంపుతారు. వచ్చిన హైడ్రోజన్ మళ్లీ రియాక్టర్‌కు వెళ్తుంది, మిగిలినదాన్ని కొలిమిలో ఇంధనంగా మండిస్తారు. ఇప్పుడు హైడ్రోజన్‌లో 90 శాతం వెనక్కి వచ్చిందనుకుని, మొత్తం లెక్క మళ్లీ వేసి పెట్టండి. వదిలే వాయువులో హైడ్రోజన్ నైట్రోజన్‌కు మూడు రెట్లు ఉంటుందనుకోండి.